గాలి గిట్టని ఇంట్లో గీజరు

నేను ఒక గ్యాసు గీజరును. గోడకు తగిలించే తెల్లటి రేకు డబ్బాను. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున నా దగ్గరున్న పెట్టుబడి ఏమిటో ముందు చెప్పేస్తాను. మెలికలు తిరిగిన రాగి గొట్టం ఒకటి, దాని కింద సన్నటి చిల్లులున్న బర్నరు, నీళ్ళు కదిలితే చాలు నిప్పురవ్వ పుట్టించే బ్యాటరీలు, మంట పైకి కనపడడానికి ముఖాన ఒక చిన్న అద్దం. అంతే. ఇంత కొంచెం సరుకుతో వ్యాపారంలోకి దిగినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు.

నా వ్యాపారం సులువైనదే. ఒకవైపు చన్నీళ్ళు తీసుకుంటాను, ఇంకోవైపు వేన్నీళ్ళు ఇస్తాను, మధ్యలో గ్యాసు కాలుస్తాను. గ్యాసు బండ ఎవరో ఒకరు మోసుకొచ్చి పెడతారు. నీళ్ళు ట్యాంకులోంచి వాటంతటవే దిగుతాయి. మూడో సరుకు ఒకటుంది. అది గాలి. ఊరికే దొరికేదానికి మనుషుల దగ్గర లెక్క ఉండదు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అదే అసలు. గాలి చాలినంత ఉంటే నా మంట నీలంగా, పొట్టిగా, బుద్ధిగా మండుతుంది. చాలకపోతే పచ్చబడి నాలుకలు చాస్తుంది. అప్పుడు నేను ఆ గదికి ఇచ్చేది కల్తీ సరుకు. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాళ్ళకు తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్రలోంచి లేచేవాళ్ళు తక్కువ.

ఈ బేరం భాష నాకెలా అబ్బిందంటారా? ఒంగోలులో ఒక సామాన్ల కొట్టు అటక మీద చాలాకాలం కూర్చున్నాను. కింద పొద్దస్తమానం బేరాలే. కొట్టు ఆసామి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పేవాడు. "యాడ తగిలిచ్చినా పనిచేస్తదండీ, గోడుంటే చాలు." గోడ ఒక్కటీ ఉంటే చాలదని నా పెట్టెలో మడిచి పెట్టిన కాగితం మీద రాసే ఉంది. స్నానాల గదిలో బిగించవద్దనీ, గాలి ఆడే చోట పెట్టమనీ, ఏటా ఒకసారి విప్పించి శుభ్రం చేయించమనీ. కొన్నవాళ్ళు ఆ కాగితాన్ని చదవరు. మిగిలిన మరమేకులు దాంట్లో పొట్లం కట్టుకుంటారు.

నన్ను మొదట కొన్నాయన రంగారావు, బ్యాంకులో క్యాషియరు. మాణిక్యమ్మ గారి ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాడు. అందరిలాగే నన్ను స్నానాల గదిలోనే బిగించుకున్నాడు. అయినా ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే రంగారావు భార్యకు తెలియకుండా స్నానాల గదిలో సిగరెట్లు కాల్చేవాడు. పొగ పోవడానికి కిటికీ ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచేవాడు. ఒళ్ళు పాడుచేసే అలవాటు ఒకటి ఇంటిల్లిపాదినీ కాపాడిన లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు. నాలో ఇరవై నిమిషాలకు దానంతటదే మంట ఆర్పేసే టైమరు ఒకటి ఉండేది. స్నానం మధ్యలో ఆగిపోతోందని ఎవరినో పిలిచి దాని వైరు తెంపించాడు. బదిలీ కాగితం వచ్చాక, విప్పే ఓపిక లేక నన్ను గోడకే వదిలేసి వెళ్ళిపోయాడు.

అలా నేను ఇంటామె మాణిక్యమ్మ చేతికి వచ్చాను. కింద వాటాలో ఆమెకు పసుపు కొట్టు. పసుపు కొమ్ము చేతికిస్తే చాలు, విరిచి లోపలి రంగు చూసి ఏ రకమో, ఎన్నాళ్ళ నాటిదో చెప్పగలదు. ఆ సంవత్సరం ఆమె కూతురు హైమావతికి ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానానికి వేన్నీళ్ళు కావాలి. ఒకటి రెండు బకెట్లు కాదు, ఒళ్ళు ఎర్రబడేదాకా దిమ్మరించే నీళ్ళు. ఇదివరకైతే ఇత్తడి కాగులో కాచేది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. మెట్లెక్కి పైకి వచ్చి, నా ముందు నిలబడి, పసుపు కొమ్మును చూసినట్టు నన్ను చూసింది.

నా ఆనందం ఏమని చెప్పను! ఎన్నాళ్ళనుంచో గోడ మీద ఖాళీగా ఉన్నాను. మళ్ళీ తెరిచాక మొదటి గిరాకీ ఒక పసిబిడ్డ, ఒక బాలింత. ఇంతకంటే మంచి బోణీ ఏ వ్యాపారికి దొరుకుతుంది?

నన్ను బాగుచేయడానికి ఖాజావలి వచ్చాడు. ఊళ్ళో గ్యాసు పొయ్యిలూ గీజర్లూ బిగించి, మరమ్మతు చేసేది అతనే. రాగానే ముందు బండ కట్టేశాడు. తర్వాతే నా మూత విప్పాడు.

"ఎన్నాళ్ళయింది పెద్దమ్మా దీన్ని తెరిచి?"

"నాకేం తెలుసయ్యా. బ్యాంకాయన వదిలేసి పోయాడు. మంచిదే అయ్యుంటది."

"మంచిదైతే ఎత్తుకుపోయేవాడుగా."

బర్నరు చిల్లుల్లో పట్టిన మసి బ్రష్షుతో దులిపాడు. ఒంగోలు ఉప్పునీళ్ళకు రాగి గొట్టంలో పేరుకున్న గార కరిగించి కడిగాడు. పగుళ్ళు బారిన రబ్బరు గొట్టం పీకి పారేసి కొత్తది బిగించాడు. అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి బండ తెరిచాడు. ఒకచోట చిన్న బుడగ లేచింది. అక్కడ క్లిప్పు బిగించి మళ్ళీ పూశాడు. ఈసారి నురగ కదలలేదు. చివరికి తెగిన టైమరు వైరు చూసి అతికేశాడు.

"అదేంది కలుపుతన్నావు?"

"టైమరు. ఇరవై నిమిషాలకు అదే ఆగిపోద్ది."

"ఆగిపోతే? బాలింత సబ్బు రాసుకుని నిలబడాల్నా? బ్యాంకాయన ఊరికే తీశాడా? తీసెయ్."

"తీస్తే నేను దీన్ని వెలిగించను. ఇంకెవరినన్నా పిలిపిచ్చుకో."

"ఏం బెట్టయ్యా నీది. మా అల్లుడికి కూడా ఇంత బెట్టు లేదు."

"అల్లుడు గీజరు జోలికి రాడు కాబట్టి సరిపోయింది. అసలు ఇది ఇక్కడుండకూడదు పెద్దమ్మా. డాబా గోడకు మారుస్తా, గొట్టం లోపలికి తెస్తా."

"పురుడు ముందు పెట్టుకుని గోడలు తవ్వుతారా ఎవరన్నా? తర్వాత చూద్దాంలే."

టైమరు విషయంలో ఆమె తగ్గింది, చోటు విషయంలో అతను తగ్గాడు. బేరం చెరిసగానికి కుదిరింది. పోతూ పోతూ అతను, "కిటికీ మాత్రం మూయబాకండి" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. ఆ "ఊఁ" నాకు బాగా తెలుసు. కొట్టు మెట్లు దిగుతూ గిరాకీ "మళ్ళీ వస్తాం" అన్నట్టు ఉంటుంది అది.

పురుటి స్నానం రోజు వచ్చింది. నా బర్నరు తళతళలాడుతోంది, గొట్టంలో అడ్డు లేదు, కొత్త బ్యాటరీలు. ఎప్పుడెప్పుడు కొళాయి తిప్పుతారా అని ఉంది. మాణిక్యమ్మ పిల్లనెత్తుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చి తలుపు గడియ వేసింది. బాలింతకు గాలి తగలకూడదు. చెవుల్లో దూది పెట్టింది. తర్వాత పాత నేత చీర ఒకటి ఉండచుట్టి కిటికీలో సందు లేకుండా కుక్కింది. తలుపు కింద గోనె పరిచింది.

కొళాయి తిప్పారు. భగ్గున వెలిగాను. బంగారం లాంటి వేన్నీళ్ళు. మాణిక్యమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టి నూనె మర్దించి పోసింది. పిల్ల గది అదిరేలా ఏడ్చింది. తుడిచి, గుడ్డల్లో చుట్టి, బయటికి తీసుకుపోతే గాలి కొడుతుందని ఒళ్ళోనే పెట్టుకుంది. హైమావతి వంతు మొదలైంది.

గదిలో గాలి ఎంతుందో లెక్క నాకే తెలుసు. ముగ్గురు మనుషులు, ఒక మంట. నా అసలు తరిగిపోతోంది. నీలం మంట అంచుల్లో పచ్చబడింది. తర్వాత మొత్తం పచ్చబడి, పొడుగ్గా సాగి అద్దాన్ని నాకింది. నాకున్న నోరు అదొక్కటే. ఆ నోటితోనే అరిచాను.

మాణిక్యమ్మ చూసింది. పసుపు కొట్టులో పుట్టి పెరిగిన కళ్ళు అవి.

"చూశావటే హైమా, పురుడు రోజున మంట కూడా పసుప్పచ్చగా ఎంత లచ్చణంగా ఉందో."

"తల దిమ్ముగా ఉందమ్మా."

"ఎక్కడో గాలి దూరుతున్నట్టుంది." లేచి కిటికీలో చీరను ఇంకా లోపలికి కుక్కింది.

"వాంతొచ్చేట్టుంది."

"అంత ఆవిరికి ఉండదా. అయిపోయిందిలే, ఇంకో రెండు చెంబులు. పిల్ల చూడు, వేన్నీళ్ళకు ఎంత హాయిగా నిద్రపోయిందో."

పిల్ల నిద్రపోలేదు. పిల్ల మెడ వాలిపోతోంది. అది నేనొక్కణ్ణే చూస్తున్నాను. నేను మండేకొద్దీ వాళ్ళకు నష్టం, మండడం ఆపుకునే శక్తి నాకు లేదు. కొళాయి తిరిగి ఉంటే నేను కాచి తీరాలి. అదే నా పుట్టుక.

అప్పుడు నా పొట్టలో టిక్కుమంది. ఖాజావలి అతికిన వైరు. గ్యాసు తెగింది, మంట ఆరింది. హైమావతి నెత్తిన చన్నీళ్ళు పడ్డాయి.

మాణిక్యమ్మకు కోపం వచ్చింది. లేవబోతే మోకాళ్ళు వణికాయి. అది కూడా కోపమే అనుకుంది. గోనె కాలితో తోసి, తలుపు బార్లా తెరిచి, పిల్లను చంకనేసుకుని గది బయట గూట్లో పెట్టిన ఫోను అందుకుంది.

"ఏందయ్యా ఖాజా, నీ డబ్బా మధ్యలో ఆగిపోయింది. నా బిడ్డ సబ్బుతో నిలబడుంది. వద్దంటే విన్నావా నువ్వు?"

"కిటికీ తీసే ఉందా పెద్దమ్మా?"

"కిటికీ ఎట్టా తీస్తారయ్యా, బాలింత లోన ఉంటే?"

అతని గొంతు నాకు కూడా వినపడింది. "అందరూ డాబా మీదికి రండి. ఎట్టున్నోళ్ళు అట్టానే. పిల్లను గాలికి పెట్టు. నేను ఆటో తీసుకొస్తన్నా."

వెనక, స్నానాల గదిలో దభీమని చప్పుడైంది. హైమావతి గడప మీద కూలబడింది. మాణిక్యమ్మ అప్పుడు పిల్ల ముఖం చూసింది. పిల్లను డాబా మీద ఎదురుగాలిలో పెట్టి, వెనక్కి వచ్చి, తడి చీరతో ఉన్న కూతుర్ని చంకల కింద చేతులేసి ఈడ్చుకుపోయింది. ఆ మోకాళ్ళతోనే. తూర్పు నుంచి సముద్రపు గాలి విసురుగా కొడుతోంది. జన్మలో ఏ బాలింతకూ తగలనివ్వని గాలి.

గోడ మీద ఉన్న నాకు డాబా కనపడదు. చెవి ఒగ్గి ఉన్నాను. కాకి అరిచింది. కింద ఎవరో పసుపు కావాలని పిలిచారు. ఎంతసేపో తెలియదు. తర్వాత సన్నగా, పిల్లికూన మూలిగినట్టు ఒక ఏడుపు. అది పెరిగింది. పెరిగి పెరిగి వీధి చివరిదాకా వెళ్ళింది. నా రాగి గొట్టంలో మిగిలిన నీళ్ళు కూడా ఆ ఏడుపుకు వణికాయి!

ఖాజావలి ఆటోలో ముగ్గురినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చాక మాణిక్యమ్మ పక్కింటామెతో చెబుతుంటే విన్నాను. "బాలింతకూ పసిబిడ్డకూ ముక్కులకు గొట్టాలు పెట్టి గాలి ఎక్కిచ్చారమ్మా. సీసాల్లో తెచ్చి మరీ. నేను గుడ్డలు కుక్కి ఆపిన గాలే."

ఇక నన్ను గోడ నుంచి పీకి అవతల పారేస్తుందనుకున్నాను. ఆమె అలా చేయలేదు. నా ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. పక్కనే స్క్రూడ్రైవరు పట్టుకుని ఖాజావలి ఉన్నాడు.

"నా బిడ్డకు గాలి పడదు" అంది. "దీనికి గాలి లేకపోతే పడదు. ఇద్దరినీ ఒక గదిలో కాపరం పెడితే ఎట్టా కుదురుద్దయ్యా? దీన్ని బయటికి పంపు. లోపల నా ఇష్టం వచ్చినట్టు మూసుకుంటా."

"నేను మొదట చెప్పింది అదేగా పెద్దమ్మా."

"నువ్వు గోడ తవ్వుతానన్నావు. ఇట్టా చెప్పావా? సరుకు సుగుణం చెప్పడం చాతకానోడివి, కొట్టు పెడితే దివాలా తీస్తావు."

అతను నవ్వాడు. ఆ రోజు గోడ తవ్వారు. నన్ను డాబా వైపు, నాలుగు దిక్కుల గాలి ఆడే చోట బిగించారు. పైన వానకు చిన్న రేకు. కింద చదునైన గచ్చు మీద బండ నిటారుగా, నీళ్ళు పోయే తూముకు దూరంగా. కారిన గ్యాసు గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగి తూముల్లో దాక్కుంటుందట. వేన్నీళ్ళ గొట్టం ఒక్కటే గోడలోంచి లోపలికి వెళ్ళింది. మళ్ళీ సబ్బు నురగ. బుడగ లేదు. వెలిగాను. నీలంగా, సముద్రం రంగులో మండాను. గోడ అవతల చీర కుక్కిన కిటికీ, దూది పెట్టిన చెవులు, కమ్మటి ఆవిరి, పిల్ల ఏడుపు. రెండువైపులా లాభం వచ్చిన బేరం అంటే అదీ!

ఆ తర్వాత ఏటా చలికాలం ముందు ఖాజావలి వచ్చేవాడు. మసి దులిపేవాడు, గొట్టం చూసేవాడు, నురగ పూసేవాడు. మాణిక్యమ్మ పక్కన నిలబడి నా మంట రంగు చూసేది. నీలం కాకుండా ఇంకే రంగు ఛాయ తగిలినా ఒప్పుకునేది కాదు. ఏళ్ళు గడిచాయి. చివరికి ఉప్పునీళ్ళు రాగిని తినేశాయి. ఒక పొద్దున నీళ్ళు కాగలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను విప్పి పాతసామాన్ల బండికి వేశారు. ఇప్పుడు ఒక పాత ఫ్యానుకూ ఒక తుప్పు కుర్చీకీ మధ్య ఉన్నాను. రేపు నా రాగిని వేరు చేసి తూకం వేస్తారు. వేసుకోనివ్వండి. అది వాళ్ళ లెక్క.

నా లెక్క నేను చూసుకున్నాను. ఎంత గ్యాసు కాల్చానో, ఎన్ని నీళ్ళు కాచానో గుర్తులేదు. ఆఖరి పొద్దున స్నానాల గదిలోంచి మాణిక్యమ్మ మనవరాలు పూర్ణ, సెలవులకు వచ్చిన ఆనాటి పసిపిల్ల, ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన అరుపు మాత్రం గుర్తుంది. "అమ్మమ్మా, నీళ్ళు ఐసులాగా వస్తన్నయ్, నీ గీజరు పాడైపోయింది, నేను పోసుకోను పో." వాళ్ళమ్మ హైమావతి బయటినుంచి నవ్వుతోంది. నన్ను అంత గట్టిగా తిట్టడానికి ఊపిరి నిండా గాలి ఉన్న పిల్ల ఒకటి మిగిలింది. ఖర్చులన్నీ పోగా నాకు వచ్చిన లాభం అదే.