తల్లి చేతికి అయిదో వేలు

కొత్త బంగారు నాణెం మీద వేయాల్సిన దేశమాత బొమ్మ కోసం టంకశాల శిల్పి తన పిన్నినే ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పిన్ని ఇరవై రెండేళ్లు బంగారు గనిలో రాళ్లు ఏరిన మనిషి. రాళ్లు నలగ్గొట్టే మిషన్లో పడి ఆమె కుడిచేతి చిటికెన వేలు పోయింది. శిల్పి ఆ చేతిని ఉన్నదున్నట్టే మలిచి, నాలుగు వేళ్ల మధ్య ధాన్యపు కంకి పెట్టి, పక్కన సింహాన్ని నిలిపింది. మూడు నెలలు ప్లాస్టర్ పొడి పీలుస్తూ, మెడ పట్టేసేలా వంగి చేసిన పని.

నాణెం నమూనా ఖాయం చేసే కమిటీలో అయిదుగురు పెద్దమనుషులు. భూతద్దం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది.

"ఒక వేలు మర్చిపోయినట్టున్నావమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"మర్చిపోలేదండీ. గనిలో పోయింది. ఈ బంగారం ఇలాంటి చేతుల మీదుగానే కదా వచ్చింది."

"కంకి అంటే సమృద్ధి. సింహం అంటే బలం. తెగిన వేలుకి ఏం అర్థం చెప్పమంటావు? కొన్నవాడు అచ్చు తప్పనుకుంటాడు."

"జరిగిందే అర్థమండీ."

ఒకాయన టీ చల్లారిపోయిందని నసిగాడు. అంతటితో సమావేశం ముగిసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

వారం తిరగకుండా తొలి నాణెం ఆమె బల్ల మీదికొచ్చింది. చిటికెన వేలు నున్నగా, ఏనాడూ పని ముట్టనట్టు మెరుస్తోంది. ఆమె తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"ఈ వేలు ఎవరు పెట్టారు?"

"కంప్యూటర్లో పది నిమిషాల పని. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు."

"అయితే అంచున ఉన్న నా పేరక్షరం తీయించేయండి."

"ఆవగింజంత అక్షరం. ఎవరికి కనిపిస్తుంది?"

"నాకు కనిపిస్తుంది."

సాయంత్రం పిన్ని ఉతికిన బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"ఏడుస్తున్నావా?"

"లేదు పిన్నీ. కోపం."

"వేలు తెగిన రోజు మేస్త్రీ మొదట మిషన్ మీద రక్తం తుడవమన్నాడు. తర్వాతే ఆసుపత్రి. తుడిచాను. నోరెత్తలేదు. ఎత్తాల్సింది." మడతపెట్టిన చీర మంచం మీదికి విసిరేసింది. "ఆ అధ్యక్షుడు ఎన్నింటికొస్తాడు?"

మర్నాడు తొమ్మిదింటికి టంకశాల గేటు ముందు కారు నెమ్మదించగానే పిన్ని వెళ్లి కిటికీ అద్దానికి తన కుడి అరచెయ్యి ఆనించింది. లోపల అధ్యక్షుడు తలెత్తి చూశాడు. చూపు చేతి మీద ఆగింది. తర్వాత డ్రైవరును పోనిమ్మన్నాడు.

నాణెం అయిదు వేళ్లతోనే విడుదలైంది. దాని అంచున ఎవరి అక్షరమూ లేదు. పిన్ని మాత్రం నెలంతా రోజూ తొమ్మిదింటికి గేటు దగ్గరికి వెళ్లింది. శిల్పి సెలవు పెట్టి, ఆమె పక్కనే నిలబడింది.