రెండు వేళ్ల సందు

మంగళవారం పొద్దున్నించి చెంగమ్మ గీసిన గీతలు గుడ్డ మీద నిలవడం లేదు. అంచు దిగి ఇంట్లోకి నడుస్తున్నాయి.

తప్పు ఆమెదే. కలంకారీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టాకే కలం పట్టాలి. లేకపోతే నల్లరంగు పాకుతుంది. కాళహస్తిలో ఆ పని చేసే ఇళ్లలో ఈ సంగతి పిల్లికి కూడా తెలుసు. కానీ భర్త మునెయ్య కాఫీ కాఫీ అని ప్రాణం తీస్తే, ఉన్న పాలన్నీ ఆయన లోటాలో పోసింది. ముప్పై ఏళ్ల అనుభవం, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుంది. అయింది.

గీత దేన్ని చుట్టి వస్తే అది బొమ్మైపోతోంది. మొదట పీట. తర్వాత రంగుల చట్టి. చెంగమ్మ చట్టి ఎత్తబోతే గోళ్లకు నేల తగులుతుంది. ఇప్పుడు గీత, గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న మునెయ్య వైపు తిరుగుతోంది.

"ఇదో, లెయ్యి! గీత నీ మీదికే వస్తా ఉండాది!"

"యాడికి లేచేది? పాదాలు అప్పుడే బొమ్మైపోయినాయి," అంటాడు మునెయ్య.

గీత మోకాళ్లెక్కుతుంది, భుజం దాటుతుంది, చెవి చుట్టూ మెలిక తిరుగుతుంది. చెంగమ్మకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. రోజూ తిట్టుకుంటూనే బతికారు గానీ, ఆయన లేని ఇల్లు ఆమెకు వద్దు.

గీత రెండో వైపు దిగి వచ్చి, మొదలైన చోటికి రెండు వేళ్ల దూరంలో, ఆయన ఎడమ మడమ దగ్గర ఆగుతుంది. దానిలో నలుపు అయిపోయింది.

"కలం కింద పెట్టు," అంటాడు మునెయ్య, అప్పటికే సున్నమంత పలచగా గోడలో ఉండి. "ఆ సందులోంచి వచ్చేస్తా. నువ్వు మాత్రం మూయబాకమే."

"నాకేమన్నా పిచ్చా, మూసేదానికి?"

నిజంగానే మూయకూడదనుకుంటుంది. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటుంది. కానీ గీత కలవకపోతే రంగు బయటికి పోతుందని తొమ్మిదో ఏట నేర్చిన చెయ్యి అది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, చేతికొచ్చిన పని కూడా అంతే. మునెయ్య బొటనవేలు బయట పెడుతుండగానే కలం మడమను తాకుతుంది. ఎప్పటిలాగే, వణకకుండా, చక్కగా కలుపుతుంది.

వేలు లోపలికి పోతుంది.

"కలిపేసినావా," అంటాడు. తిట్టడు. తిట్టి ఉంటే ఆమెకు బాగుండేది. "సరేలే. చలేస్తా ఉండాది, రంగన్నా వెయ్యి."

దేవుళ్లకు నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు. మామూలు మొగుడికి ఏ రంగు వేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. చెంగమ్మ ఏడుస్తూ కుడి అరచెయ్యి ఆయన రొమ్ము మీద ఆనించి రుద్దుతుంది. ఆమె చామనఛాయ ఆయనలోకి దిగుతుంది. అరచెయ్యి ఉతికిన గుడ్డలా తెల్లబడుతుంది, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి.

"ఇప్పుడెట్లుండాది?"

"వెచ్చగా ఉండాది. ఇంగ కొంచెం."

ఆమె భుజం మీద అప్పటికే నేత పోగులు కనిపిస్తున్నాయి. చెంగమ్మ ఎడమచేతి గాజులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి కూడా ఆనిస్తుంది.