హెబ్రోను ఫ్లెక్సీ

మా తమ్ముడు హెబ్రోనును కరెంటు చంపిందని అందరూ అంటారు. నన్నడిగితే ఉగాది శుభాకాంక్షలు చంపాయంటాను.

ఇంగ్లాండులో వెల్‌బ్రుక్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గెలిచేది తక్కువ, ఓడేది ఎక్కువ. సొంత ఊళ్ళో జనం చాలక కాబోలు, మన దేశం మీద గాలం వేసింది. ఒక ఉగాదికి తన పేజీలో తెలుగు అక్షరాలతో శుభాకాంక్షలు పెట్టింది. మేము చర్చికి పోయేవాళ్ళం, మా ఇంట్లో ఉగాదే లేదు. అయినా మావాడు ఆ గాలానికి పడ్డాడు.

“అక్కా, యాడో ఇంగ్లాండులో వాళ్ళు మన తెలుగులో రాసినారు చూడు” అంటూ ఫోను నా మొహం మీద పెట్టాడు.

“జీతానికి రాసిచ్చే మనిషి ఉంటాడులేరా. నీ కోసం రాసినారా?”

“నా కోసమే అనుకుంటే ఏం పోయింది?”

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. కబడ్డీ తప్ప తెలియని మా దొరవారిసత్రంలో వీడు ఆ క్లబ్బుకు ఒక అభిమాన సంఘం పెట్టాడు. నాయుడుపేటలో వాడి స్నేహితుడు యాసీన్ నడిపే ఫ్లెక్సీల షాపులో పనిచేసేవాడు కాబట్టి బోర్డులకు కొదవ లేదు. వెల్‌బ్రుక్ గెలిస్తే సినిమా హీరోకు కట్టినట్టు రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టేవాళ్ళు. ఆ ఫోటో క్లబ్బుకు పంపేవాళ్ళు. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“ఒక్కసారి మన ఫోటో వాళ్ళ పేజీలో పడాలక్కా. మనం ఉండామని వాళ్ళకు తెలియాల” అనేవాడు. అంతకు మించి వాడు ఆశపడింది లేదు.

ఈ ఎండాకాలం క్లబ్బు ఒక పోటీ పెట్టింది. ‘మీ ఊరికి మా రంగు వేయండి’ అని, ఇంగ్లాండు బయట ఉన్న అభిమానులకు మాత్రమే. వీళ్ళు మేడంత ఎత్తు నీలం ఫ్లెక్సీ చేసి, ఇనప ఫ్రేముకు బిగించి, మెయిన్ రోడ్డు పక్కన లేపారు. ఆ ఫ్రేము పోయి పైనున్న కరెంటు తీగకు తగిలింది. నిచ్చెన మీద మా తమ్ముడు ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోవాల్సిన పని కూడా లేకుండా పోయింది.

మా వైపు మనిషి పోతే స్నేహితులు ఫ్లెక్సీ కట్టాలి. పుట్టినరోజు బోర్డుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. అదే నవ్వు మొహం, అవే నల్ల కళ్ళద్దాలు, కింద వరసగా స్నేహితుల ఫోటోలు. నాలుగు పావురాలు ఎగురుతుంటాయి, అంతే. యాసీన్ తన చేత్తోనే చేశాడు. నీలం జెర్సీలో నవ్వుతున్న హెబ్రోను, కింద ‘కన్నీటి వీడ్కోలు’. పుట్టిన తేదీ, పోయిన తేదీ వేయడానికి మాత్రం వాడికి చెయ్యి రాలేదు. క్లబ్బు వాళ్ళకూ తెలియాలి గదా అని, ఎప్పటిలాగే ఉత్త ఫోటో వాళ్ళకు పంపాడు.

ఈసారి వాళ్ళు పలికారు.

యాసీన్ ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. “అమ్మా, వాళ్ళ పేజీలో పెట్టినారు!” అని ఫోను మా అమ్మ చేతికిచ్చాడు. పైన రాసింది నేను చదివాను. ‘ఇండియాలో మన వాళ్ళ సంబరం చూడండి. పోటీ విజేత ఇతనే!’ ఉగాదికి తెలుగు రాయించుకున్న వాళ్ళకు ‘కన్నీటి వీడ్కోలు’ చదివిపెట్టే దిక్కు లేకపోయింది. నా ఒళ్ళు మండిపోయింది.

మా అమ్మ అబిగయీలుకు ఇంగ్లీషు రాదు. తెర మీద కొడుకు బుగ్గలు నిమురుతోంది.

“ఈ గుండెకాయలన్నీ ఏంది మే?”

“జనం పెట్టినవిమా.”

“ఇంత మందా? నా బిడ్డ కోసం ఏడస్తన్నారా?”

“ఊఁ” అన్నాను. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాను.

సమాధి చేసిన రోజు నుంచి అమ్మ అన్నం సరిగ్గా ముట్టలేదు. ఆ సాయంత్రం చారు పోసుకుని తిన్నది. తిన్నాక, “వాళ్ళేమంటన్నారో చదువు మే” అన్నది. ‘ఇతనికి ఒక బీరు పోయండి’ అని ఉంది. “చిన్న వయసులో పోయినాడే అంటన్నారుమా” అన్నాను. ‘ఆ పావురాలు భలే ఉన్నాయి’ అని ఇంకొకడు. “దేవుని దగ్గర ఉండాడంట” అన్నాను. అప్పటినుంచి రోజూ ఇదే పని. వాళ్ళ నవ్వులన్నీ ఏడుపులుగా మార్చి అమ్మకు వినిపించడం. నిజం రాస్తే ఆ ఫోటో తీసేస్తారు. తీసేస్తే అమ్మ మళ్ళీ పస్తుంటుంది. అందుకని నా కోపాన్ని నేనే మింగాను.

తర్వాత క్లబ్బు నుంచి యాసీన్‌కు సందేశం వచ్చింది. బహుమతి జెర్సీ పంపడానికి ఇతని సైజు చెప్పండి, ఇతనితో ఒక చిన్న వీడియో తీసి పంపండి అని. యాసీన్ మా గడప మీద కూలబడి ఏడ్చాడు.

“ఏం రాయమంటావక్కా?”

“ఏమీ రాయబాక” అన్నాను.

ఆదివారం ఆరాధన నుంచి వస్తూ అమ్మే కదిలించింది. “మనతో ఏడ్చినోళ్ళకి వందనాలు చెప్పుకోవాల గదా. నేను చెప్తాను, నువ్వు రాయి.”

నీడన కూర్చుని, మాట మాట కూడబలుక్కుంటూ చెప్పింది.

“నేను హెబ్రోను అమ్మను. నా బిడ్డ మీ బోర్డు కడతా కరెంటు తగిలి పోయినాడు. వాడి కోసం ఏడ్చిన మీకందరికీ వందనాలు. మీ బిడ్డల్ని దేవుడు చల్లగా చూడాల.”

వేరే ఏదో రాసి పంపినా ఆమెకు తెలియదు. కానీ అన్ని రోజులూ ఆడిన అబద్ధాలు నావి. అమ్మ పేరుతో ఇంకొకటి ఆడడానికి నాకు మనసొప్పలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి పంపించాను.

మర్నాడు జవాబు వచ్చింది. చాలా చింతిస్తున్నామన్నారు. మీ దుఃఖాన్ని గౌరవించి ఆ ఫోటో తొలగించామన్నారు. పేజీ తెరిచి చూశాను. వాడు ఉన్న చోట వేరే దేశంలో డప్పు కొడుతున్న మనుషులెవరో ఉన్నారు.

సాయంత్రం అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. “చదువు మే, ఏమన్నారు?”

“ఫోటో తీసేసినారుమా” అన్నాను. ఇక అబద్ధం ఆడే ఓపిక నాలో లేదు.

అమ్మ ఫోను తీసుకుని కిందికీ పైకీ జరిపి చూసింది. మళ్ళీ జరిపింది. కొడుకు మొహం కనపడలేదు.

“మనం తప్పుగా ఏమన్నా రాసినామా మే?” అన్నది. “వాళ్ళకి కోపం వచ్చుంటే, క్షమించమని రాయి.”