దారి కావలి మాన్యం

తనకు పెట్టిన ముత్తాత పేరు చెప్తే తాలూకా కచేరీ లేచి నిలబడుతుందనుకున్నాడు ఓబులేసు. మార్కాపురంలో మాన్యం కాగితం నకలు కోసం రెండుసార్లు అర్జీ పెట్టాడు. రెండుసార్లూ "ఆ పేరున మాన్యం లేదు" అని వెనక్కి వచ్చింది.

యర్రగొండపాలెం దగ్గర అతనికున్న భూమిలో రాయి తేలని చేను ఒక్కటే, వాగు పక్క నాలుగెకరాలు. అదే దారి కావలి మాన్యం. శివరాత్రికి అడవి దారిన శ్రీశైలం నడిచే యాత్రికులకు తోడు పోయినందుకు ఎప్పటి దొరలో ఇచ్చిన భూమి. ఇప్పటికీ ఓబులేసు తలపాగా చుట్టి, కర్ర పట్టుకుని, యాత్రికుల ముందు అడవి మొదలుదాకా నడుస్తాడు. అక్కణ్ణించి చెంచులు తీసుకుపోతారు. మూడు రోజుల అడవి వాళ్లది, మర్యాదలన్నీ ఇతనివి. ఇందులో వింతేముందో ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. పైగా ఆ రోజున చెంచుగూడేనికి బస్తా జొన్నలు దానం చేస్తామని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో, పాత మాన్యాలకు ఆధారం చూపమని సర్కారు నోటీసు వచ్చింది. చూపకపోతే మాన్యం రద్దు. వాగు చేను పోతే ఇక మిగిలేవి పలకరాళ్లే. అందుకే ఓబులేసు మూడోసారి కచేరీ మెట్లెక్కాడు.

ఈసారి రికార్డు గదిలో ఉండే గురునాథానికి జాలేసింది. కాగితాల దుమ్ముతో సహవాసం చేసి చేసి ముక్కుపొడుం అవసరం లేకుండా పోయిన మనిషి ఆయన.

"పేరు వదిలెయ్ ఓబులేసూ. చేనుకు హద్దులు చెప్పు."

"తూర్పు బండ్ల బాట, దక్షిణం వాగు, పడమర అడవి, ఉత్తరం మా మెట్టచేను," ఓబులేసు కళ్లు మూసుకుని చెప్పాడు.

సాయంత్రానికి దొరికింది. డెబ్భై ఏళ్లనాటి ఆ పుస్తకాన్ని అర్జీదారు ముట్టుకోకూడదు. గుమాస్తా నకలు రాశాక, గురునాథం అసలు చూస్తూ పైకి చదవాలి. గుమాస్తా తన కాగితంలో ఒప్పు చూసుకోవాలి. చదువురాని ఓబులేసు గుమ్మంలో నిలబడి, ముత్తాత పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించాడు.

వచ్చింది. "ఉత్తరం హద్దు, రైతు ఓబులేసు మెట్ట." ఆ వెనకే మిగతాదీ వచ్చింది. "మాన్యందారు, చెంచు లింగడు. అడవి దారిలో యాత్రికులకు తోడు పోయే పని. సదరు లింగడికి ఎద్దులు లేనందున పొరుగు రైతు ఓబులేసు సాగుచేసి, పంటలో సగం గూడేనికి చేర్చేది."

"మళ్లీ చదవండయ్యా."

గురునాథం మళ్లీ చదివాడు. ఒక్క మాటా మారలేదు.

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. సగం పంట ఏ తరంలో పావు వంతు అయిందో, ఏ తరంలో బస్తా అయిందో, ఆ బస్తా దానం ఎప్పుడైపోయిందో! ఏటా తన చేతులతోనే కొలిచి పోసి, వాళ్లచేత దండాలు పెట్టించుకున్నాడు.

"నకలు నీ చేతికే ఇస్తాం," అన్నాడు గురునాథం, కాగితం మడుస్తూ. "ఇంకొకరు వచ్చి ఈ పుస్తకం అడిగేది లేదు. నువ్వు చూపకపోతే మాన్యం రద్దయితాది, అంతే. సాగులో ఉండేవాడివి కాబట్టి అదే చేను పట్టాకు అర్జీ పెట్టుకోవచ్చు. చూపితే మాత్రం చెంచులది. ఆలోచించుకో."

రెండు రోజులు కాగితం ఇంట్లోనే ఉంది. భార్య లక్ష్మీనరసమ్మ సంగతంతా విని, "మన పిల్లోల్లు ఏం తినాల?" అని మాత్రం అడిగింది. ఓబులేసు ఏటా గూడేనికి దానమని పోసిన బస్తాలు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. మూడోనాడు కాగితం రొంటిన దోపుకుని గూడేనికి నడిచాడు.

లింగడి మునిమనవడు చెంచయ్య గుడిసె ముందు వెదురు చీలుస్తున్నాడు. ఓబులేసు కంటే పదేళ్లు పెద్దవాడు. కాగితంలో ఉన్నదంతా ఓబులేసు దాచకుండా చెప్పాడు. చెంచయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు సామీ. ఆ చేను గట్టున పోతా పోతా మా నాయన చూపిచ్చేవాడు, ఇది మనదిరా అని."

"తెలిసీ ఒక్కనాడన్నా అడగకపోతిరే."

"మా తాత అడిగినాడంట." చెంచయ్య వెదురు పక్కన పెట్టాడు. "కాగితం ఏదిరా అన్నాడంట మీ తాత. మా కాడ యాడుంటాది?"

ఓబులేసు రొంటిలోని నకలు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇదిగో మామా, ఆ కాగితం," అన్నాడు.