జానెడు లోతు

నేను ఒక బాణాన్ని. కథల్లో రాజులు మంత్రం చదివి వదిలే రకాన్ని కాదు. గోదావరికి అటూ ఇటూ కొండలు దగ్గరగా జరిగే చోట, నేరేళ్లగొంది అనే చిన్న ఊళ్లో, ఒక కొండరెడ్డి తన చేత్తో చేసిన వెదురు బాణాన్ని. నా పొడవు రెండు మూరలు. పుట్టినప్పట్నించీ నేను గాలిలో ఎగిరిన కాలమంతా కూడినా మనిషి నాలుగుసార్లు తుమ్మినంత సేపుండదు. మిగతాదంతా ఎక్కడో ఒకచోట వేలాడుతూ గడిపాను. అందుకని ఆలోచించుకోడానికి నాకు బోలెడంత తీరిక.

నన్ను చేసినవాడి పేరు బొజ్జిరెడ్డి. మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరికొచ్చేసరికి మీరు అతణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. మంచివాడు కాబట్టే నన్ను అంత జాగ్రత్తగా చేశాడు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

నాకు ముందు అతని దగ్గర వేరే బాణం ఒకటుండేది. ఆకులాంటి వెడల్పు ములికి, లావుపాటి కర్ర, చూడ్డానికి మహా దర్జాగా ఉండేదట. ఏటా ఎండలు ముదిరాక, విత్తనాలు చల్లే ముందు, భూమి పండుగకి ఊళ్లో మగవాళ్లంతా కలిసి వేటకి వెళ్తారు. అంతకు ముందు ఏడాది వేటలో వాళ్లకి ఏకలం ఎదురైంది. గుంపు వదిలేసి ఒంటరిగా తిరిగే పెద్ద మగపందిని వాళ్లు అలా అంటారు. దాని భుజం మీద తోలు కింద చేతి మందాన డొప్పలాంటి గట్టి పొర ఉంటుంది. బొజ్జిరెడ్డి గురి తప్పలేదు. కానీ బాణం నాలుగు వేళ్లు దిగి ఆ డొప్ప దగ్గర ఆగిపోయింది. పంది వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న మనిషి తొడ చీల్చేసి పోయింది. ఆ మనిషి పోశిరెడ్డి, బొజ్జిరెడ్డి అక్క మొగుడు.

పోశిరెడ్డి నాలుగు నెలలు మంచం దిగలేదు. అక్క కన్నమ్మ రోజూ వేపాకు నీళ్లతో ఆ గాయం కడిగి పసుపు అద్దేది. చివరికి కాలైతే నిలబడింది గానీ, కుంటు మిగిలింది. బొజ్జిరెడ్డి అక్క ఇంటికెళ్లినప్పుడల్లా ఆ కాలు కేసి చూడలేక చూరు కేసి చూస్తూ కూర్చునేవాడు.

మళ్లీ పండుగ దగ్గరపడింది. అదే ఏకలం వాగు పక్కన ఇప్పచెట్ల కింద తిరుగుతోందని కబురొచ్చింది. వేటకి తనూ వస్తానని పోశిరెడ్డి భీష్మించుక్కూర్చున్నాడు. పండుగ వేటకి వెళ్లని మగాణ్ని ఆ ఊళ్లో ఆడవాళ్లు ఏడాది పొడుగునా ఆడిపోసుకుంటారు. ఆ మాటలు పడేకంటే పందితో పొడిపించుకోడం నయమని అతని లెక్క.

"ఈయన నా మాట ఇనడు. నువ్వన్నా సెప్పరా తమ్ముడా," అంది కన్నమ్మ.

"నా మాటా ఇనడక్కా. అయినా నీకు మాటిత్తన్నా. ఈసారి బావ ఒంటి మీదికి పంది రాదు. బాణం జానెడు దిగద్ది. కొట్టిన కాడే కూలాల," అన్నాడు బొజ్జిరెడ్డి.

ఆ మాటలో పుట్టాను నేను.

బొజ్జిరెడ్డి ముందు సంతలో కమ్మరి సత్తెయ్య దగ్గరికి వెళ్లాడు. బండి చక్రానికి వేసే పట్టా ముక్క ఒకటి పట్టుకెళ్లి, ములికి సన్నగా, పొడుగ్గా, బరువుగా కావాలన్నాడు. సత్తెయ్య నవ్వాడు. "ఇంత సన్నటి ములికితో ఏం కొడతావయ్యా, దోమల్నా?" అన్నాడు. బొజ్జిరెడ్డి నవ్వలేదు. సత్తెయ్య కూడా నవ్వు ఆపి కొలిమి ఊదాడు. నా ములికికి కింద వేలెడు తోక వదిలి, నూనెలో చల్లార్చాడు. అంచు ఎలా వచ్చిందో చూద్దామని బొటనవేలితో తడిమాడు. తెగినట్టు అతనికి తెలియనే లేదు. రక్తం నేల మీద పడ్డాక చూసుకున్నాడు. నేను మొదట తాగింది నా ములికిని కొట్టినవాడి నెత్తురే.

కర్ర కోసం బొజ్జిరెడ్డి రెండు రోజులు కొండ మీద తిరిగాడు. లోపల బోలు లేని గట్టి వెదురు, అందులోనూ సన్నటిది, ములికి కంటే ఒక పిసరు సన్నటిది కావాలి. ములికి చేసిన కంత కంటే కర్ర లావుగా ఉంటే అక్కడే బిగుసుకుపోతుంది. పాత బాణం ఆగింది అందుకేనని అతను నెలల తరబడి ఆలోచించి కనిపెట్టాడు. కర్రను సెగ మీద కాచి, వంకర తీసి, ఇసుకలా గరుకుగా ఉండే బరివెంక ఆకుతో పూటల తరబడి రుద్దాడు. ముందు భాగం బరువుండాలని, కర్ర కొస తొలిచి, వలకి కట్టే సీసపు గుండు కరిగించి అందులో పోశాడు. ములికి తోకని ఎర్రగా కాల్చి అందులోకి దింపాడు. పైన నరం చుట్టి, గోటికి కూడా తగలనంత నున్నగా లక్క పూశాడు. ఆ లక్క కాచిపెట్టింది కన్నమ్మే. ఈకలు కురచగా కత్తిరించి కట్టాడు. చివర్న పంది కొవ్వు రాశాడు.

పెళ్లికూతురికి కూడా ఇంత ముస్తాబు చెయ్యరు. నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి నన్ను తొలిచేది. నేను ఎలా దిగాలన్నది అతను ఇంతలా ఆలోచించాడు కదా, ఎక్కడ ఆగాలన్నది ఒక్కసారీ ఆలోచించలేదేమిటి?

వేటకి రెండు రోజుల ముందు అక్క ఇంటి వాకిట్లో నన్ను పరీక్ష చేశారు. ఒక అరటి బోదెకి ఎండిన దున్నతోలు రెండు మడతలు చుట్టి నిలబెట్టారు. బొజ్జిరెడ్డి ఇరవై అడుగుల దూరం నించి వదిలాడు. తోలు తెలిసింది, బోదె తడి తెలిసింది, అంతలోనే మళ్లీ ఎండ తగిలింది. బోదె వెనకాల మట్టి కెలుక్కుంటున్న కోడిపెట్టని నేలకి గుచ్చేసి గానీ నేను ఆగలేదు.

"నా పొదుగుడు పెట్టరా! గుడ్లన్నీ సల్లారిపోతాయి గదరా!" అని కన్నమ్మ లబోదిబోమంది.

పోశిరెడ్డి పడీ పడీ నవ్వాడు. "పందిని కొట్టమంటే పెట్టని కొట్టాడే మీ తమ్ముడు. అయినా బోదె ఎనకాల దానికేం పనుందంట?"

అందరూ కోడిదే తప్పన్నారు. సాయంత్రం కూర వండుకుని తిన్నారు. బోదెకి అవతల ఉన్న ప్రాణి ఎలా చచ్చిందని ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. అప్పట్నించీ నాకు భయం పట్టుకుంది. చెప్పడానికి నోరెక్కడిది, నాకున్నది ములికి.

వేట రోజు పొద్దెక్కే వేళకి అందరూ వాగు చేరారు. ఆ ఊరి వేట తీరు ఒకటే. సగంమంది పైనుంచి కేకలు వేస్తూ, డప్పు కొడుతూ జంతువుని తరుముతారు. విలుకాళ్లు వాగు గట్టున బండల మీద కాచుకుంటారు. జంతువు అవతలి గట్టు ఎక్కి తప్పించుకోకుండా అటు కొందరు నిలబడి అదిలిస్తారు. అంటే బాణం వేసేవాడికీ అదిలించేవాడికీ నడుమ జంతువు ఉంటుంది. తప్పేం లేదు. బాణం జంతువులో ఆగిపోతుంది. మూడు తరాలుగా ఎవడి బాణమూ పందికి అవతల తేలలేదు. నడుమ పంది ఉంటే మనిషికి భయం లేదని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

పోశిరెడ్డి కుంటికాలితో తరమలేడు, బండ ఎక్కలేడు. బొజ్జిరెడ్డే అతని చెయ్యి పట్టుకుని వాగు దాటించి, తన బండకి సరిగ్గా ఎదురుగా, ఒక పొద వెనకాల కూర్చోబెట్టాడు.

"ఇక్కడైతే నా కళ్లెదురుగా ఉంటావు బావా. పంది నీ దాకా రాదు. నేనున్నా," అన్నాడు.

"సర్లేరా. పోయి నీ బండెక్కు," అన్నాడు పోశిరెడ్డి.

అతను వెతికి వెతికి బావకి ఇచ్చిన చోటు అది. ఊళ్లో ఎవర్ని అడిగినా అదే మంచి చోటనేవారు.

డప్పు దగ్గరైంది. ఏకలం పొదలు విరుచుకుంటూ వాగులోకి దిగింది. బావ ఉన్న గట్టు కేసి నాలుగడుగులు వేసింది. పోశిరెడ్డి అదిలించడానికి "హోయ్!" అంటూ లేచి నిలబడ్డాడు. పంది తడబడి అడ్డంగా తిరిగింది. భుజం బొజ్జిరెడ్డికి ఎదురుగా వచ్చింది. ఏడాదిగా అతను కలలో చూస్తున్న భుజం. నారి చెవి దాకా లాగాడు.

వద్దని అరవాలనిపించింది నాకు. అరిచాననే అనుకున్నాను. అది నేను గాలిలో చేసిన చప్పుడే.

తోలు వచ్చింది. డొప్ప వచ్చింది. ఇక్కడ ఆగుతాననుకున్నాను. ఎముకల సందు దొరికింది, ఊపిరితిత్తి వచ్చింది, మళ్లీ ఎముకల సందు. ఇక్కడైనా ఆగుతాననుకున్నాను. నన్ను పట్టుకునే ఎగుడుదిగుడు నా ఒంటి మీద ఒక్కటీ లేదు, అన్నీ అతను రుద్దేశాడు. మళ్లీ తోలు, మళ్లీ వెలుతురు, పొద ఆకులు. ఆ తర్వాత మెత్తగా తగిలింది. అక్కడ ఆగాను.

ఏకలం పది అడుగులు కూడా వెయ్యలేదు. కూలిపోయింది. అందరూ గంతులేస్తూ వాగులోకి దిగారు. బొజ్జిరెడ్డి బండ మీంచి దూకి దాని మెడ మీద కాలు పెట్టాడు. ఊరి పెద్దకాపు వచ్చి పందిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాణమేదిరా?" అన్నాడు. వేటలో ఎవరి బాణం చూపిస్తే జంతువు వాళ్ల పేరున చెల్లుతుంది.

"దాటేసింది మామా! ఇటు దిగి అటు పోయింది!" బొజ్జిరెడ్డి మొహం వెలిగిపోతోంది. అవతలి గట్టు కేసి తిరిగి నవ్వుతూ కేకేశాడు. "బావా! నా బాణం అటేమైనా వచ్చిందా?"

పొద వెనకాల నించి నెమ్మదిగా జవాబొచ్చింది.

"వచ్చిందిరా."

పోశిరెడ్డి చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను పక్కటెముకల కింద ఉన్నాను. బొజ్జిరెడ్డీ పెద్దకాపూ వాగు దాటి పరిగెత్తుకొచ్చారు. బొజ్జిరెడ్డి వంగి రెండు చేతులతో నన్ను పట్టుకున్నాడు. లాగడం చాలా తేలికైంది. ఎంత బాగా చేశాడో అంత తేలికైంది. నా వెనకే నెత్తురంతా వచ్చేసింది.

పోశిరెడ్డి పెద్దకాపు చెయ్యి పట్టుకున్నాడు. "పంది పొడిసిందని సెప్పండి మామా. మా ఆడదానికి తోడబుట్టినోడు ఈడొక్కడే. నేనెట్టాగూ పోతన్నా. ఈణ్ని కూడా దానికి లేకుండా సెయ్యమాకండి."

ఊరు సగం దూరం ఉండగానే ప్రాణం పోయింది.

ఊరి మొదట్లో ఆడవాళ్లు పేడనీళ్ల కడవలతో కాచుకుని ఉన్నారు. ఉత్త చేతులతో వచ్చే మగవాళ్ల మీద పొయ్యడానికి. ముందు కావడికర్రకి వేలాడే పంది కనపడింది. కడవలు దించి కేరింతలు కొట్టారు. దాని వెనక రెండో కర్ర కనపడింది.

పంది పొడిచిందన్నారు అందరూ. పెద్దకాపు చెప్పాడు, తరిమినవాళ్లు చెప్పారు, డప్పు కొట్టినవాడు కూడా చెప్పాడు. బొజ్జిరెడ్డి మాత్రం నోరు విప్పలేదు.

అబద్ధం ఆడటంలో కొండమనుషులు మహా అమాయకులు. కొట్టినవాడి అక్కాచెల్లెళ్ల ఇంటికి పంది భుజం మొదటి వాటాగా వెళ్లాలని ఆ ఊరి కట్టు. భూమి పండుగ మాంసం పంచకుండా ఆపితే ఆ ఏడు పంట రాదని భయం. చావింటికి మాంసమేమిటని ఎవరైనా అన్నా, వాటా ఆగితే ఊరికి అనుమానం వస్తుందని పెద్దకాపు బుర్ర గోక్కుని, అడ్డాకుల్లో చుట్టించి పంపేశాడు. ఎవరి ఇంటికి? బొజ్జిరెడ్డి తోబుట్టువు కన్నమ్మ ఇంటికి.

ఆమె అప్పుడు వాకిట్లో మొగుడికి స్నానం చేయిస్తోంది. ఎవరో అడ్డాకుల పొట్లం గడప దగ్గర పెట్టి విప్పారు. భుజం మాంసంలో కంత ఒకటి ఇటు నించి అటు వెలుగు కనపడేలా ఉంది. కన్నమ్మ కడుగుతున్న చెయ్యి ఆపింది. చిటికెన వేలు ఆ కంతలో పెట్టింది. తర్వాత మొగుడి పక్కటెముకల కింది కంతలో పెట్టింది.

"ఒరే తమ్ముడా, ఇట్రా," అని పిలిచింది.

బొజ్జిరెడ్డి వచ్చి నిలబడ్డాడు.

"పంది కోర పొడిత్తే ఎట్టుంటదో నాకు ఒకరు సెప్పక్కర్లేదు. నాలుగు నెలలు ఈ సేతుల్తో కడిగినా. అందరూ సెప్పారు గానీ నువ్వు సెప్పలేదు. సెప్పు."

పెద్దకాపు ఏదో అనబోయాడు. కన్నమ్మ అతని కేసి చూడనైనా చూడలేదు.

"నా బాణమే అక్కా," అన్నాడు బొజ్జిరెడ్డి.

ఆమె ఏడవలేదు. "జానెడన్నావు గదరా," అంది. అంతే అంది. మళ్లీ నీళ్లు పోసింది.

ఆ రోజే బొజ్జిరెడ్డి విల్లు విరిచి పొయ్యిలో పెట్టాడు. నన్నూ పెట్టబోతే కన్నమ్మ లాక్కుని తన ఇంటి చూరులో దోపింది. ఎందుకు ఉంచిందో నాకు ఇప్పటికీ తెలీదు. కక్షకైతే ఎప్పుడో ఒకప్పుడు అతని మొహం మీద చూపించేది. చూపించలేదు. అతను బతికినన్నాళ్లూ ఆమె పోడు తనే కొట్టాడు, తనే చల్లాడు, తనే కోశాడు. ఆమె అన్నం పెడితే తలొంచుకుని తినేవాడు. ఒక్కనాడూ చూరు కేసి తలెత్తలేదు. నా కింద నించి అతను వంగి లోపలికి వెళ్లినప్పుడల్లా, ఎక్కడ జారి అతని వీపు మీద పడతానో అని నాకు ఒళ్లు గగుర్పొడిచేది.

అతనూ పోయాడు. చాన్నాళ్లకి పట్నం నించి మ్యూజియం వాళ్లు పాత వస్తువులు సేకరిస్తూ ఊరికొచ్చారు. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన నన్ను చూరులోంచి తీసి, వేలితో అంచు తడిమి, "అబ్బ! ఇంకా పదునుగానే ఉందే," అని మెచ్చుకున్నాడు. నన్ను ఇచ్చెయ్యమంటే కన్నమ్మ వెంటనే ఇచ్చేసింది. అప్పటికి ఆమెకి చూపు సరిగా ఆనడం లేదు.

"దీంతో దేన్ని కొట్టారమ్మా?" అని అడిగాడాయన, పుస్తకం తెరిచి.

"పందిని," అంది కన్నమ్మ. చూరు కేసి మొహం తిప్పి, "అక్కడితో ఆగలేదు," అంది.

ఆయన మొదటి మాట రాసుకుని పుస్తకం మూశాడు.