గుండ్రటి గుడ్డు జోస్యం

గుడ్డును చూసి లోపలున్నది పుంజో పెట్టో చెప్పేస్తానని కరెంటాయన ఎప్పుడు మొదలుపెట్టాడో గానీ, హ్యాచరీలో అందరికీ అదో కాలక్షేపం. గుడ్డు గుండ్రంగా ఉంటే పెట్ట, మొన తేలితే పుంజు. అంతే ఆయన శాస్త్రం. సగం సార్లు నిజమయ్యేది. కళ్లు మూసుకుని చెప్పినా సగం సార్లు నిజమవుతుందన్న సంగతి మాత్రం ఆయన బుర్రకెక్కేది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

హ్యాచరీ బావది, అంటే అక్క మొగుడిది; పనివాళ్లందరికీ ఆయనే సారు. గుడ్లు పొదిగే యంత్రాలకు వైర్లు బిగించడం, ఫ్యూజులు మార్చడం కరెంటాయన పని. వయసు నలభై దాటింది. పెళ్లి మాటెత్తితే చెవులు ఎర్రబడతాయి. కోడిపిల్లల్ని ఏరే గదిలోకి కొత్తావిడ వచ్చినప్పటి నుంచి ఆ చెవులు తెల్లబడ్డ పాపాన పోలేదు.

ఏరడమంటే మాటలు కాదు. అప్పుడే పుట్టిన పిల్లను అరచేతిలోకి తీసుకుని, తోక కింద మెల్లగా నొక్కి, దీపం వెలుగులో ఒక్క చూపు చూసి, పుంజును ఓ బుట్టలో, పెట్టను మరో బుట్టలో వెయ్యాలి. ఆవిడ ఇదంతా కబుర్లు చెబుతూ చేసేది. ఈయన గుమ్మంలో నిలబడి, చేతిలో స్క్రూడ్రైవరు ఉన్న సంగతి కూడా మరిచిపోయి చూసేవాడు.

ఒకరోజు దీపం బాగు చేసే నెపంతో లోపలికెళ్లాడు. బాగున్న బల్బు తీశాడు, మళ్లీ అదే పెట్టాడు, చివరికి కళ్లు మూసుకుని అడిగేశాడు.

"మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ?"

ఆవిడ చేతిలోని పిల్ల ఏ బుట్టలోకీ వెళ్లక అక్కడే ఆగిపోయింది. పిల్ల కియ్యోమంది. ఆవిడ నవ్వాపుకుంటూ అంది. "మీకు గుడ్డులో ఏముందో తెలుస్తుందట కదా! సారు తెప్పించిన ఫెజెంట్ గుడ్లలో ఒకటి ఏరండి. పెట్ట వచ్చిందా, సరే అంటాను. పుంజు వచ్చిందా, ఈ మాట మళ్లీ ఎత్తకూడదు."

"సాక్షిని నేనే!" గుమ్మం బయట నుంచి బావ అరిచాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో మహానుభావుడు.

ఫెజెంట్ కూడా కోడి లాంటి పక్షే. పుంజుకి ఎర్రటి మొహం, మెడలో తెల్లటి పట్టీ, మూరెడు తోక. పెట్ట పాపం ఒళ్లంతా మట్టిరంగు. మన కరెంటాయనకు ఇప్పుడు లోకంలో మట్టిరంగంత అందమైన రంగు లేదు. బుట్టెడు గుడ్లూ ముందేసుకుని, నేలమీద దొర్లించి, వేళ్లతో కొలిచి, అన్నిటికన్నా గుండ్రంగా ఉన్నదాన్ని పట్టుకుని, పెన్సిలుతో గుర్తు పెట్టి యంత్రంలో ఉంచాడు. ఇంటికెళ్తూ దారిలో పెళ్లి చొక్కా కూడా కొనేశాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందు గుడ్డు పగలనీరా," అని అక్క తల బాదుకుంది.

పిల్లలు బయటికొచ్చే వేళకు తన గుడ్డు మీద టీ వడగట్టే జల్లెడ బోర్లించాడు, మిగతా పిల్లల్లో కలిసిపోకుండా. పెంకు చిట్లింది. తడిబొచ్చుతో పిల్ల బయటపడింది. అది ఆరేదాకా ఈయన జల్లెడ పక్క నుంచి కదల్లేదు. ఆవిడ వచ్చి పిల్లను తీసుకుంది. ఎందుకో తోక కింద నొక్కలేదు. మొహాన్ని దీపం వైపు తిప్పి చూసింది. ఎప్పుడూ ఒక్క చూపుతో తేల్చే మనిషి అలా చూస్తూనే ఉంది.

"పెట్ట," అంది.

కరెంటాయన బావను కౌగలించుకున్నాడు, బావ వదిలించుకుంటే జనరేటరును కౌగలించుకున్నాడు. ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఫెజెంట్ పిల్లను బావ కరెంటాయనకే కానుకగా ఇచ్చేశాడు. అది ఆయనింటి పెరట్లో గింజలు మెక్కి ఏపుగా పెరిగింది.

పెళ్లి దగ్గర పడుతుండగా దాని మెడలో తెల్లటి ఈక ఒకటి తొంగిచూసింది. తర్వాత పట్టీ పూర్తయింది. మొహం ఎర్రబడింది, తోక సాగింది. దాన్ని చూసి కరెంటాయనకు ముచ్చెమటలు పోశాయి. ఆవిడ పొరబడింది! తెలిస్తే అన్నమాట మీద నిలబడి పెళ్లి వద్దంటుందేమో! ఆవిడ లేని ఇంట్లో ఇక ఒక్క పూటైనా ఉండలేననిపించి ఏడుపొచ్చింది. పుంజును ఎత్తుకెళ్లి సామాన్ల గదిలో పాత ఫ్యాన్ల వెనక దాచి, తలుపు గడియ పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆవిడ అక్కతో పెళ్లి పనులు మాట్లాడటానికి వచ్చింది. కూర్చుందో లేదో లోపలి నుంచి పుంజు గొంతు చించుకుని అరిచింది. కరెంటాయన గట్టిగా దగ్గాడు. అది మళ్లీ అరిచింది. ఈయన ఇంకా గట్టిగా దగ్గాడు.

ఆవిడ నేరుగా వెళ్లి గడియ తీసింది. పుంజు తోక ఊపుకుంటూ పెళ్లికొడుకులా బయటికి నడిచింది.

"దీన్నెందుకు దాచారు?"

"మీరు పొరబడ్డారండీ," అన్నాడాయన. "నేనూ పొరబడ్డాను. పుంజొచ్చింది. మాట మాటే కదా..."

"నేను పొరబడటమేమిటి? కంటి కింద బోడిగా కనిపిస్తే ఫెజెంట్ పుంజేనండీ. పుట్టినరోజే చూశాను."

"మరి పెట్ట అన్నారు?"

ఈసారి ఎర్రబడ్డవి ఆవిడ చెవులు. అవి చూశాకే కరెంటాయన బుర్రలో బల్బు వెలిగింది. పుంజునెత్తుకుని పెరడంతా గంతులేయడం మొదలుపెట్టాడు.

"నెమ్మది, నెమ్మది!" ఆవిడ గొంతు తగ్గించి బతిమాలింది. "ఇది సారుకి మాత్రం చెప్పకండి. రేపు నేను ఏరిన పిల్లలన్నీ మళ్లీ తిప్పి చూస్తారు."