కొసరెరుగని గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. చిన్నదాన్నే గానీ ఒంటిమీద పేరుంది: లోహిత. అది నా పేరు కాదు, మా పిల్ల పేరు. నాది లోహం, తనది లోహిత. ఇద్దరిదీ ఒకటే మెరుపు. ఆ పేరే ఒకసారి పెద్ద గందరగోళం తెచ్చింది. బారసాల ఇంట్లో పిల్ల "అమ్మా, లో..." అంటే, మేనత్త వరహాలమ్మ "ఓలమ్మా, సొంత పేరు సగమే పలుకుతంది, దిష్టి తగిలినాది!" అని దిష్టినీళ్ళు కలపడానికి పరుగెత్తింది. ఉండండి, మొదటినుంచీ చెబుతాను. పెట్టగానే పొంగిపోవడానికి నేనేమీ పాలగిన్నెను కాను.

అనకాపల్లిలో స్టీలుకొట్టు నా పుట్టిల్లు. అన్నప్రాసనకి మేనమామ నన్ను కొన్నాడు. కొట్టతను మిషనుతో పేరు చెక్కుతుంటే పచ్చబొట్టు పొడిచినట్టు ఒళ్ళు జివ్వుమంది. పిల్ల తిన్న మొదటి పరమాన్నం నాలోదే. తర్వాత నాలో చింతపండు నానబెట్టారు; ఆపైన పోపుల డబ్బాకి మూతనయ్యాను. మనుషులు గిన్నెలకిచ్చే పదోన్నతులు ఇలాగే ఉంటాయి.

పిల్ల తండ్రి సన్యాసినాయుడిది బెల్లంకొట్టు. ఊరికి తీపి అమ్మే ఆ ఇంట్లో, రెండో తరగతి పిల్లకి షుగరొచ్చింది. పెద్దవాళ్ళకొచ్చేది కాదు, ఒంట్లో ఇన్సులిన్ పుట్టడమే మానేసే రకం. బతికినన్నాళ్ళూ సూదిమందే. ఆసుపత్రి నుంచి వచ్చాక నాయుడు కొట్టు తియ్యలేకపోయాడు. తల్లి గౌరీశ్వరి మాత్రం కళ్ళు తుడుచుకుని, గిన్నెలన్నీ దించి, డాక్టరమ్మ చెప్పిన కొలతకి నన్ను ఎంచుకుంది. గిన్నెడన్నం, దానికి తగ్గ సూది. గోపురంలా నింపడం లేదు. గరిటె కాడతో తలకొట్టి సమానం చేస్తుంది. ఆ నిక్కచ్చితనానికి త్రాసు కూడా తల వంచాల్సిందే. ఎటూ దాని పనే అది. పిల్ల "ఇంకొంచెం" అంటే "పెడతానే, సూది కూడా ఇంకొంచెం!" అని నవ్వించేది. అసలు మొదటి సూది, మందు లేకుండా, తన పొట్టలోనే గుచ్చుకుని చూసుకుంది. మా ఇద్దరిలో స్టీలు ఎవరా అని నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

వరహాలమ్మ మనవడి బారసాలకి సంచిలో నేనూ వెళ్ళాను. వరహాలమ్మది పెట్టే చెయ్యి. "చాలు" అన్నవాడి ఆకులో మరో గరిటె పడాల్సిందే. గౌరీశ్వరి పిల్లకి సూది వేసి, గిన్నెడన్నం ఆకులో పెట్టింది. ఇంతలో ఉయ్యాల దగ్గర పాటకి పిలుపొచ్చింది. ఒకటయ్యాక ఇంకోటి పాడించారు.

వరహాలమ్మ ఆకు చూసి గుండె బాదుకుంది. "సుగరున్న పిల్లకి ఇంతన్నమా! ఈ గౌరికి బుద్ధి నేదు." అన్నమంతా తీసేసి దోసకాయ ముక్కలు పెట్టింది. ఊరందరికీ కొసరే చెయ్యి, ప్రేమకొద్దీ, ఒక్క పిల్ల ఆకులోంచే తీసింది.

తాంబూలాల వేళకి పిల్లకి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. "అమ్మా, లో..." దిష్టి కథ అప్పటిదే. గౌరీశ్వరి పాట మధ్యలో వదిలేసి వచ్చింది. పిల్ల వేలు పొడిచి మీటరు చూసింది.

"పంచదార! బేగి!"

"సుగరు పిల్లకి పంచదారా? సంపేస్తావేటే!" వరహాలమ్మ గూట్లోని పంచదార డబ్బా లాక్కుని వెనక్కి దాచింది.

"ఇవ్వకపోతేనే పిల్ల దక్కదు వదినా."

అరవలేదు, ఏడవలేదు. ఆ గొంతుకి వరహాలమ్మ చేతిలోని డబ్బా దానంతటదే ముందుకొచ్చింది. పంచదార నీళ్ళు నాలోనే కలిపారు. పిల్ల పళ్ళు నా అంచుకి టకటకా తగులుతుంటే, ఏ దేవుడి ముందూ మోగని నేను ఆ రోజు మోగాను. చాలాసేపటికి పిల్ల కళ్ళెత్తి, "అమ్మా, పాట ఆపేసినావేటి?" అంది. అప్పుడు తెగింది గౌరీశ్వరి కన్నీటి కట్ట.

వరహాలమ్మ గోడకి జారబడిపోయింది. గౌరీశ్వరి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "సూది ఆ గిన్నెడన్నానికి లెక్క వదినా. అన్నం తీసేస్తే మందు పిల్ల రక్తంలో ఉన్న సక్కెరనే లాగేస్తాది. అలా తగ్గిపోతే 'లో' అంటాం. నువ్వు పెట్టినా, తీసినా, నాకో మాట సెప్పు."

ఇప్పుడు వరహాలమ్మ ఇంట్లో నాకో చెల్లెలుంది. అదే కొలత, అదే పేరు, ఆవిడే చెక్కించింది. పిల్ల వెళ్ళినప్పుడు అన్నం నింపి తలకొడుతుంది. కొసరబోయే కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుంటుంది. ఎవరైనా పిల్ల ఆకుకేసి వింతగా చూశారా, ఆవిడ గొంతు వీధి చివరికి వినబడుతుంది:

"దాని ఆకు మీద సెయ్యేస్తే ఊరుకోను! అది 'లో' అంటే పేరు కాదు, దిష్టీ కాదు. సక్కెర తగ్గిపోనాదని! పంచదార ఎక్కడుందో అందరూ సూసుకోండి. అదుగో, ఆ గూట్లో!"